పాతాళానికి పంపేస్తే పోయినట్టేనా?

భూమిలోంచి మనం పైకి తీసుకునేవాటి గురించి రోజూ ఏదో ఒకటి వింటూనే ఉంటాం. బొగ్గు, చమురు, గ్యాసు, బోరునీళ్లు. లోపలికి పంపేవాటి సంగతి మాత్రం అరుదుగా చెవిన పడుతుంది. ఒక్క అమెరికాలోనే చమురు, గ్యాసు రంగం లోపలికి ద్రవాలు పంపడానికి వాడే బావులు సుమారు 1,80,000 ఉన్నాయి. చమురుతోపాటు పైకొచ్చే ఉప్పునీటిని తిరిగి కిందికి తోసేవి కొన్ని, పాతబడ్డ క్షేత్రంలో మిగిలిన చమురును కదిలించడానికి నీళ్లు పంపేవి మరికొన్ని. రసాయన పరిశ్రమల వ్యర్థాల కోసం తవ్వినవి వేరు. చలికాలపు వాడకానికి వేసవిలోనే గ్యాసును తోసి దాచుకునేవి వేరు. గత కొన్ని దశాబ్దాల్లో ఈ వరసలోకి కార్బన్ డయాక్సైడ్ కూడా వచ్చి చేరింది. వాతావరణాన్ని వేడెక్కిస్తున్న ఆ వాయువును పొగగొట్టం దగ్గరే పట్టి, రాతిపొరల్లో దాచాలన్నది ఆలోచన. మన నీతి ఆయోగ్ 2022లో దీని మీద ఒక నివేదిక తెచ్చింది. దక్కను పీఠభూమిలోని నల్లరాయి ఈ పనికి అక్కరకొస్తుందా అని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, మనం ఎన్‌జీఆర్‌ఐ అంటామే, ఆ సంస్థ చాలాకాలంగా పరిశీలిస్తోంది.

అంటే ఈ విషయం మన గడప దాకా వచ్చింది. లోపలికి రాకముందే, ఇదివరకు ఈ పని చేసినవాళ్లకు ఏం అనుభవమైందో తెలుసుకోవడం మంచిది.

అమెరికాలో డెన్వర్ నగరం పక్కన రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అనే సైనిక రసాయన కర్మాగారం ఉండేది. 1942లో పెట్టారు. యుద్ధంలో వాడే విషవాయువులు అక్కడ తయారయ్యేవి, ఆ తర్వాత పురుగుమందులు కూడా. మురుగును మొదట్లో ఆవరణలోనే గుంటల్లోకి వదిలేవారు. అది నేలలోకి ఇంకి చుట్టుపక్కల రైతుల బావుల్లో తేలింది. ఆ నీళ్లు పారించిన పైర్లు మాడిపోయాయి. ఇది 1950ల నాటి మాట. గొడవ ముదిరాక సైన్యం మరో దారి వెతికింది. తాగునీటి పొరలన్నిటికీ ఎంతో దిగువకు, 3,671 మీటర్ల లోతుకు ఒక బావి తవ్వి, 1962 మార్చిలో మురుగును అందులోకి పంపడం మొదలుపెట్టింది. ఇక అది కంటికి కనబడదు, ఏ రైతు బావిలోనూ తేలదు. పీడ విరగడైందనుకున్నారు.

మరుసటి నెలలోనే డెన్వర్‌లో భూమి కదిలింది. 1882 తర్వాత ఆ ఊళ్లో చెప్పుకోదగ్గ భూకంపం లేదు. అలాంటిది 1962 ఏప్రిల్ నుంచి 1965 సెప్టెంబరు దాకా లెక్క వేస్తే 700కు పైగా వచ్చాయి. ఎక్కువభాగం పరికరాలకే తెలిసినవి. కొన్ని మాత్రం జనాన్ని ఇళ్లలోంచి బయటకు పరుగెత్తించాయి.

ఇక్కడ డేవిడ్ ఎవాన్స్ అనే భూగర్భ శాస్త్రవేత్తను తలచుకోవాలి. ఆయన ప్రభుత్వ ఉద్యోగి కాదు. సొంతంగా సలహాలిచ్చే వృత్తిలో ఉన్నవాడు. ఆయన రెండు వరసల అంకెలు తీసుకున్నాడు. ఏ నెలలో బావిలోకి ఎంత మురుగు పోయింది, ఆ నెలలో ఎన్ని కంపాలు వచ్చాయి. రెంటినీ ఒకదాని కింద ఒకటి గీశాడు. 1963 అక్టోబరు నుంచి సుమారు ఏడాదిపాటు బావి ఆగి ఉంది, ఆ కాలంలో కంపాలు తగ్గాయి. 1964 సెప్టెంబరులో మళ్లీ మొదలుపెట్టారు, అవీ తిరిగొచ్చాయి. 1965 ఏప్రిల్ నుంచి పంపులు పెట్టి ఒత్తిడితో తోశారు, కంపాలు జోరందుకున్నాయి. ఆ సంవత్సరం నవంబరులో ఎవాన్స్ ఈ సంగతిని నలుగురిలో పెట్టాడు. 1966 ఫిబ్రవరిలో సైన్యం బావిని ఆపేసింది. అప్పటికి 60 కోట్ల లీటర్లకు పైగా లోపలికి వెళ్లిపోయింది.

ఎవాన్స్ దగ్గర గొప్ప యంత్రమేమీ లేదు. ఆయన చేసినది కాగితం మీద గీతలు గీయడం. అది సాధ్యపడింది ఎందుకు? బావిలోకి నెలకెంత పోసిందీ ఎవరో రాసిపెట్టారు, రాసినది ఆయన చేతికి అందింది. ఈ ప్రసంగమంతటికీ నేను పట్టుకున్న తీగ ఇదే. భూమి లోపలికి ఏది పంపినా దానికి లెక్క ఉండాలి. ఆ లెక్క దాచకూడదు. అది లేనిచోట ఎంతటి శాస్త్రవేత్త అయినా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

మరి నీళ్లు పోస్తే భూమి ఎందుకు కదులుతుంది? దీనికి జవాబు బావి తవ్వకముందే తయారుగా ఉంది. కింగ్ హబ్బర్ట్, విలియం రూబీ అనే ఇద్దరు 1959లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. వాళ్లు చెప్పింది అర్థం కావాలంటే మన వంటింటి గట్టు చాలు. మరిగే నీళ్లతో కడిగిన స్టీలు గ్లాసును తడి గట్టు మీద బోర్లించండి. గట్టు కాస్త వాలుగా ఉంటే గ్లాసు ఎవరూ తోయకుండానే జరుగుతుంది. లోపలి గాలి వేడికి వ్యాకోచించి గ్లాసును కొంచెం పైకి మోస్తుంది. గ్లాసు బరువంతా గట్టు మీద పడనప్పుడు రాపిడి తగ్గుతుంది, అందుకే జారుతుంది. భూమి లోపలా అంతే. ఎప్పుడో లక్షల ఏళ్ల కిందట పగిలిన రాళ్లు పైబరువుకు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి. పక్కకు జారాలన్న ఒత్తిడి వాటిలో ఉంటుంది గానీ రాపిడి పట్టి ఉంచుతుంది. ఆ పగుళ్లలోకి నీటి పీడనం చేరితే అది పైబరువులో కొంత తాను మోస్తుంది. పట్టు సడలుతుంది. రాయి జారుతుంది. ఆ జారడమే భూకంపం. నీరు కొత్తగా బలం పుట్టించలేదు, అక్కడ అప్పటికే ఉన్న ఒత్తిడికి దారి ఇచ్చింది.

దీన్ని నేరుగా రుజువు చేసిన ప్రయోగం కూడా కొలరాడోలోనే జరిగింది. రేంజ్లీ అనే చమురు క్షేత్రంలో 1969 నుంచి కొన్నేళ్లపాటు అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు బావుల్లో పీడనాన్ని పెంచుతూ తగ్గిస్తూ చూశారు. ఒక హద్దు దాటితే కంపాలు మొదలయ్యాయి, పీడనం తీసేస్తే సద్దుమణిగాయి. ఇది విని, అయితే భయమేముంది, కుళాయి తిప్పినట్టు ఆపుకోవచ్చు కదా అనుకునేవారుంటారు. డెన్వర్ సంగతి ఇంకా పూర్తి కాలేదు. అక్కడ బావి ఆపిన పద్దెనిమిది నెలలకు, 1967 ఆగస్టు 9న, మొత్తంలోకెల్లా పెద్ద భూకంపం వచ్చింది. తీవ్రత 5 దరిదాపుల్లో ఉంది. లోపలికి పోసినది పోసినచోటే ఉండదు. పైన పంపు ఆగినా, కింద పీడనం పగులు వెంట పగులు పాకుతూ పోతుంది. డెన్వర్‌లో అలా పోయి దూరాన ఉన్న పగుళ్లను తాకింది.

అదే 1967లో, డిసెంబరు 11న, మహారాష్ట్రలోని కొయ్‌నా దగ్గర 6.3 తీవ్రతతో భూకంపం వచ్చి సుమారు 200 మందిని పొట్టన పెట్టుకుంది. అక్కడ బావిలోకి ఎవరూ ఏదీ తోయలేదు. 103 మీటర్ల ఎత్తున ఆనకట్ట కట్టారు. జలాశయం నిండటం మొదలైనప్పటి నుంచే కంపాలు మొదలయ్యాయి. నిలిచిన నీటి బరువు ఒకటి, పగుళ్లలోకి దిగిన పీడనం ఒకటి, రెండూ కలిసి పనిచేశాయి. జలాశయాలు ప్రేరేపించే భూకంపాలకు కొయ్‌నా ప్రపంచంలోనే ముఖ్యమైన ఉదాహరణ. ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా దాన్ని చదువుతున్నారు. ఆ సంస్థకు సంచాలకులుగా పనిచేసిన హర్ష్ గుప్తా పేరు ఈ శాస్త్రంతో ముడిపడి ఉంది. అక్కడ 3 కిలోమీటర్ల లోతుకు పరిశోధన బోరు కూడా వేశారు. పైన నల్లరాయి పొరలు, వాటి అడుగున పాత గ్రానైట్. కొయ్‌నా ఊసు ఎందుకు ఎత్తానంటే, రేపు కార్బన్ డయాక్సైడ్ దాచాలని మనం చూస్తున్న నల్లరాయి అదే దక్కను నల్లరాయి.

ఓక్లహోమా గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఆ రాష్ట్రంలో 2009కి ముందు 3 తీవ్రత దాటిన భూకంపాలు సగటున ఏడాదికి ఒకటో రెండో. 2015 ఒక్క ఏడాదిలో 900 దాటాయి. చమురుతో వచ్చిన ఉప్పునీటిని లోతైన సున్నపురాతి పొరలోకి పెద్దఎత్తున పంపడమే ముఖ్యమైన కారణమని తేలింది. 2016 సెప్టెంబరులో పానీ అనే ఊరి దగ్గర వచ్చినది 5.8. నియంత్రణ సంస్థ బావుల్లోకి పంపే పరిమాణాన్ని తగ్గించాక కంపాలు తగ్గుతూ వచ్చాయి. అరవై ఏళ్ల కిందట డెన్వర్ నేర్పిన పాఠాన్ని అదే దేశం మరిచిపోయి, ఎంతోమంది ఇళ్ల గోడలు బీటలువారాక మళ్లీ నేర్చుకోవలసి రావడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇదంతా విని భూమిలోకి ఏదీ పంపకూడదంటున్నానని అనుకోకండి. పంపి మేలు చేసిన సందర్భాలున్నాయి. కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ దగ్గర విల్మింగ్టన్ చమురు క్షేత్రంలో, చమురు తోడుతున్నకొద్దీ నేల కుంగింది. నడిమధ్యన సుమారు 9 మీటర్లు దిగబడింది. రేవు, రోడ్లు, పైపులైన్లు అన్నీ దెబ్బతిన్నాయి. 1950ల చివర్లో పెద్దఎత్తున నీళ్లు పంపడం మొదలుపెట్టాకే కుంగుబాటు ఆగింది. మన విశాఖపట్నంలోనే చూడండి. కొండరాయిని తొలిచి చేసిన సొరంగపు గదుల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిల్వ చేసే ఏర్పాటు ఉంది. వంటగ్యాసుకు వేరే గది ఉంది, 60,000 టన్నులది. వాటి గోడలకు ఉక్కు తొడుగు లేదు. చుట్టూ రాతిలో నిండి ఉన్న నీటి పీడనం, లోపలి సరుకు పీడనం కన్నా ఎక్కువగా ఉండేలా చూస్తారు. అందుకు పైన బోర్ల ద్వారా రాతిలోకి నీళ్లు పంపుతూ ఉంటారు. నీరు లోపలికి ఊరుతుందే తప్ప సరుకు బయటికి పోలేదు. నీటి పీడనాన్ని శ్రద్ధగా కనిపెట్టుకుని ఉంటే అది ఎంత చక్కని కాపలాదారో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మన దగ్గర లేదు.

కార్బన్ డయాక్సైడ్ దగ్గరికి వద్దాం. నార్వే 1996 నుంచి ఉత్తర సముద్రంలో స్లైప్నర్ క్షేత్రం దగ్గర, సముద్రపు అడుగు కింద ఇసుకరాతి పొరలోకి ఏటా పది లక్షల టన్నులకు కాస్త తక్కువగా పంపుతూ వచ్చింది. ఆ దేశం 1991లో కార్బన్ పన్ను వేసింది కాబట్టి గాలిలోకి వదలడం కన్నా దాచడమే ఆ క్షేత్రాన్ని నడిపే కంపెనీకి చవకైంది. అక్కడ వాయువు వాయువుగానే, చిక్కబడ్డ రూపంలో, పైనున్న బంకరాతి మూత కింద చిరకాలం ఉంటుంది. మూత గట్టిదైతేనే క్షేమం. అందుకని ఎప్పటికప్పుడు ధ్వనితరంగాలతో లోపలి బొమ్మ తీసి చూసుకుంటున్నారు.

ఐస్‌లాండ్ వాళ్లు ఇంకో తోవ పట్టారు. నాకు ఇది మరీ ఇష్టమైన కథ. రేక్యవిక్ నగరానికి దగ్గర్లో హెల్లిషేయ్‌డి అనే భూతాప విద్యుత్ కేంద్రం ఉంది. కార్బ్‌ఫిక్స్ అనే ప్రయోగంలో 2012లో అక్కడ మొదట 175 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను, తర్వాత హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన మరికొంత వాయువును, నీళ్లలో కరిగించి నల్లరాతిలోకి పంపారు. మనం తాగే సోడాలాగే ఆ నీరు కాస్త పుల్లనిది. పులుపు రాతిలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని, ఇనుమును కరిగిస్తుంది. అవి కార్బన్‌తో కలిసి తెల్లని ఖనిజంగా రాతి బెజ్జాల్లో గడ్డకడతాయి. వాయువు రాయి అయిపోతుంది. దీనికి వందల, వేల ఏళ్లు పడుతుందని చాలామంది అనుకున్నారు. పంపిన వాయువు ఎటు పోతోందో తెలుసుకోవడానికి దాంట్లో గుర్తు పదార్థాలు కలిపి, దిగువన ఒక పరిశీలన బావి పెట్టుకున్నారు. సుమారు ఏడాదిన్నరకు ఆ బావిలో పంపు ఆగిపోయింది. పైకి లాగి చూస్తే దానికి కాల్సైట్ పేరుకుపోయి ఉంది. దాచిన కార్బన్ రాయిగా మారి పంపుకే అంటుకుంది! లెక్కలన్నీ సరిచూసి, పంపినదాంట్లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయిగా మారిందని 2016లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. అమెరికాలో వలూలా అనేచోట 2013లో సుమారు 1,000 టన్నులను నీటిలో కరిగించకుండానే నల్లరాతిలోకి పంపారు. అక్కడా రాయి కట్టిన ఆనవాళ్లు దొరికాయి.

మన దక్కను నల్లరాయి సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు పరచుకుని ఉంది. వికారాబాద్, జహీరాబాద్ వైపు, ఆదిలాబాద్‌లో కొంతమేర కనిపించే నల్లరేగడికి తల్లి ఆ రాయే. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరం చుట్టుపక్కల క్వారీల్లో కొట్టే కంకర కూడా ఆ కుటుంబానిదే. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి లావా. ఐస్‌లాండ్ కథ విన్నాక ఈ రాయిని చూస్తే ఆశ కలగడం సహజం.

ఆశతోపాటు నీళ్ల లెక్క కూడా వేద్దాం. ఐస్‌లాండ్ పద్ధతిలో ఒక టన్ను వాయువును కరిగించడానికి సుమారు 25 టన్నుల నీళ్లు కావాలి. 1,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఏడాదికి ఉరామరిగా 60 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అంటే 15 కోట్ల టన్నుల నీళ్లు. మన భాషలో అయిదు టీఎంసీలకు పైమాటే. ఒక్క టీఎంసీ కోసం ఊళ్లకు ఊళ్లు ధర్నాలు చేసే నేల మనది. ఉప్పునీటితో చేయవచ్చునా అని ఐస్‌లాండ్‌లోనే పరీక్షిస్తున్నారు. నీళ్లు లేకుండా వలూలా తోవలో వెళితే వాయువు రాయి కట్టేదాకా పైమూత మీదే ఆధారపడాలి. ఏ దారిలోనైనా కష్టముంది. ఐస్‌లాండ్‌కూ ఆ కష్టం తప్పలేదు. అదే హెల్లిషేయ్‌డిలో వాడేసిన వేడినీటిని తిరిగి భూమిలోకి పంపినప్పుడు 2011లో 4 తీవ్రత దాకా కంపాలు వచ్చి పక్క ఊరివాళ్లు హడలిపోయారు. హఫ్నార్‌ఫ్యోర్దుర్ అనే పట్టణం దగ్గర, ఇతర దేశాల కార్బన్‌ను ఓడల్లో తెచ్చి పాతిపెట్టే పథకాన్ని స్థానికులు గట్టిగా ప్రశ్నించారు. 2025లో అక్కడ ఆ పథకం ఆగిపోయింది. నేను దాన్ని శాస్త్రం ఓటమిగా చూడను. తమ ఇంటి కింద ఏం జరుగుతుందో అడగడం వాళ్ల హక్కు.

కృష్ణా గోదావరి తీరంలో ఉన్నవారికి భూగర్భ పీడనం అంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1995లో పాశర్లపూడిలో గ్యాసు బావి అదుపు తప్పి మంట 65 రోజులు మండింది. ఆ తీరంలో వాడి వదిలేసిన బావులు చాలా ఉంటాయి. రేపు ఎవరైనా అక్కడి ఖాళీ అయిన పొరల్లో వాయువు దాస్తామంటే, రాతిమూత ఎంత గట్టిదైనా దానికి మనుషులు పొడిచిన రంధ్రాలే మొదటి అనుమానం కావాలి. ప్రతి పాత బావి ఎక్కడుందో, దాని కేసింగ్, సిమెంటు ఎలా ఉన్నాయో తేల్చకుండా ఒక్క టన్ను కూడా పంపకూడదు.

ఇంతవరకు చెప్పినవన్నీ అనుమతితో, ఇంజనీర్ల సమక్షంలో జరిగిన పనులు. చాటుమాటు పని ఇంకొకటుంది. పరిశ్రమల విషపు నీటిని శుద్ధి ఖర్చు మిగుల్చుకోవడానికి రాత్రివేళ బోరుబావుల్లోకి వదులుతున్నారన్న ఫిర్యాదులు మన దేశంలో పలుచోట్ల వచ్చాయి. తెలంగాణలో, రాయలసీమలో చాలాభాగం గ్రానైట్ నేల. ఆ రాతిలో నీరు పొరలుగా ఉండదు, పగుళ్లలో ఉంటుంది. ఏ పగులు ఏ పొలం కిందికి పోతుందో పైనుంచి చూసి చెప్పలేం. ఒకచోట దింపిన విషం మైలు దూరాన వేరొకరి బోరులో పైకి రావచ్చు, ఆ బోరునీళ్లు తాగేది ఎవరి పిల్లలైనా కావచ్చు. డెన్వర్‌లో సైన్యం కనీసం లెక్క రాసింది. ఇక్కడ లెక్కే ఉండదు. దీన్ని నేరంగా కాక మరోలా చూడటం నా వల్ల కాదు. ఎండిన బోర్లలోకి వాననీళ్లు పంపి ఊటను నింపుకోవడం మంచి పని. దానిక్కూడా వడపోత గుంట కట్టి, రోడ్డు మురుగు, ఎరువుల నీరు లోపలికి దిగకుండా చూసుకోవాలి. భూమిపైన చెడిన నీరు కళ్లకు కనిపిస్తుంది. లోపల చెడినది ఏళ్ల తరబడి తెలియదు, తెలిశాక బాగుచేయడం తరాల పని.

అమెరికా 1974లో తాగునీటి రక్షణ చట్టం చేసినప్పుడు ఈ బావులనూ అందులోకి తెచ్చింది. తర్వాత వాటిని తరగతులుగా విడదీసి, కార్బన్ డయాక్సైడ్ బావులకు 2010లో వేరే తరగతి పెట్టింది. ఆ నిబంధనల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచినది ఒకటుంది. పంపడం ఆపేశాక కూడా ఆ చోటును గమనిస్తూ ఉండాలి. సాధారణంగా 50 ఏళ్లు. తక్కువ కాలం చాలని కంపెనీ అనుకుంటే, చాలునని రుజువు చేయవలసింది కంపెనీయే. మన దగ్గర మొదటి బావికి అనుమతి ఇచ్చే రోజు వస్తే, ఆ ఊరి గ్రామసభలో పెట్టే కాగితంలో పంపే పదార్థం, లోతు, పీడనంతోపాటు ఆ యాభై ఏళ్లూ కొలిచేది ఎవరో, ఆ ఖర్చు ఎవరి పేరున డిపాజిట్ అయిందో కూడా రాసి ఉండాలి. అది తెలుగులో రాసి ఉండాలి. భూకంప మాపకాలు మొదటి లీటరు దిగడానికి ఏడాది ముందే పెట్టాలి. ముందు ఆ నేల సహజంగా ఎంత కదిలేదో తెలియకపోతే, తర్వాతి కదలికలో మనవల్ల వచ్చినది ఎంతో చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు.